కాగితం మాటలు, మన మాటలు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ కాగితం గురించీ, అచ్చు గురించీ, ఆ రెండు పనుల్లో వాడే సాంకేతిక పదాల గురించీ మీతో నాలుగు మాటలు చెప్పదలిచాను. "మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వేళ ఈ సాంకేతిక పదాలేమిటమ్మా, పచ్చళ్ళ గురించో పిల్లల చదువుల గురించో చెప్పరాదా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని ఒక్కసారి తెల్లవారింది మొదలు మీ చేతిలోకి వచ్చిన కాగితాలు లెక్కపెట్టి చూడండి. వార్తాపత్రిక, కాఫీపొడి డబ్బా, పిల్లవాడి నోటుపుస్తకం, అత్తగారి రక్తపోటు మాత్రల పెట్టె, కిరాణా కొట్టు బిల్లు, ఊరి నుంచి సామాను వచ్చిన అట్టపెట్టె. వంటింట్లో చెంచాలు ఎన్ని ఉంటాయో ఇంట్లో కాగితాలూ అన్ని రకాలు ఉంటాయి. చెంచాల్లో గరిటె ఏదో, అట్లకాడ ఏదో, తెడ్డు ఏదో మనకు పేరు పేరునా తెలుసు. కాగితాల్లో మాత్రం అన్నింటినీ "కాగితం", "అట్ట" అని రెండు మాటలతో సరిపెట్టుకుంటాం.

ఆ మాత్రల పెట్టె విషయమే తీసుకోండి. దాన్ని విప్పేది మనం. దాన్ని మడిచింది ఎవరు? బహుశా మనలాంటి మరొక ఇల్లాలే. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రోడ్డు మీద రామచంద్రాపురం దాటితే పటాన్‌చెరు, ఆ తరువాత ఇస్నాపూర్, పక్కనే పాశమైలారం, ఇంకా ముందుకు వెళితే సంగారెడ్డి. కుడిచేతి వైపు లోపలికి బొల్లారం, జిన్నారం. ఒకప్పుడు జొన్న చేలూ చెరువులూ ఉన్న ఈ మెదకు సీమ, 1970 తరువాత పారిశ్రామిక వాడగా మారింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ వచ్చింది. మందుల ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి వేరే జిల్లా అయింది. మందు తయారైతే దానికి పెట్టె కావాలి, పెట్టెలో వేసే చీటీ కావాలి, పెట్టెలన్నీ సర్దడానికి పెద్ద అట్టపెట్టె కావాలి. అలా మందుల వెనకాలే ప్యాకింగు పనులూ, అచ్చు పనులూ వచ్చాయి. ఇలాంటి చోట్ల మడతలు పెట్టడం, అతికించడం, లెక్కపెట్టి కట్టలు కట్టడం తరచుగా ఆడవాళ్ళకే అప్పజెపుతారు.

పెట్టె మడిచే చేతికీ, పెట్టె విప్పే చేతికీ మధ్య ఎన్నో మాటలు ఉన్నాయి. ఆ మాటలు ఇద్దరికీ తెలియకపోతే ఇద్దరికీ నష్టమే. ఈ వేళ నేను మనవి చేయదలిచింది ఇదే.

ముందు పాత మాటల సంగతి చూద్దాం. మనం "కాగితం" అంటున్నామే, అది మన మాట కాదు. పారసీకంలో "కాగజ్". మన తాతల నోట్లో నలిగి నలిగి కాగితమైంది. "కలం" కూడా అటు నుంచి వచ్చిందే. "దస్తా" అంటాం చూడండి, పారసీకంలో "దస్త్" అంటే చెయ్యి. చేతికి పట్టినన్ని కాగితాలు దస్తా. పూర్వం దస్తా అంటే 24 కాగితాలు, అలాంటివి 20 దస్తాలు ఒక రీము, అంటే 480. ఇప్పుడు రీము అంటే 500. ఈ "రీము" మనం ఇంగ్లీషు వాళ్ళ దగ్గర తీసుకున్నాం, వాళ్ళు ఫ్రెంచి వాళ్ళ దగ్గర, వాళ్ళకు స్పెయిను మీదుగా అరబ్బుల దగ్గర నుంచి వచ్చింది. అరబ్బీలో "రిజ్మా" అంటే మూట. చూశారా, కాగితం ఏ దారిన నడిచిందో మాట కూడా ఆ దారినే నడిచింది.

మన తెలంగాణలో కాగితం చేయడం కొత్త విద్య కాదు. పాలమూరు జిల్లా కోయిల్‌కొండలో, కరీంనగరం వైపు కోరుట్లలో నిజాం కాలంలో చేతి కాగితం తయారయ్యేది. తరువాత యంత్రాలు వచ్చాయి. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో 1924లో కాగితం మిల్లు మొదలైంది. ఆసిఫాబాదు అడవుల దగ్గర సిర్పూరు పేపరు మిల్లును 1938లో స్థాపించారు, 1942లో కాగితం తీశారు. ఆ మిల్లు వల్లే కొత్తపేట అనే ఊరి పేరు కాగజ్‌నగర్ అయింది. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో మళ్ళీ చేతులు మారి తెరుచుకుంది. కాగితం పేరు పెట్టుకున్న ఊళ్ళో కాగితం ఆగిపోతే ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో వేరే చెప్పనక్కర్లేదు. భద్రాచలానికి ఎదురుగా సారపాకలో 1979లో అట్ట కాగితం మిల్లు పని మొదలుపెట్టింది. అక్కడ వెదురూ కర్రా గుజ్జయి కాగితమవుతాయి. మన పటాన్‌చెరు లాంటి వాడల్లో ఆ కాగితమూ అట్టా పెట్టెగా, చీటీగా, లేబులుగా మారతాయి.

ఇప్పుడు కాగితం ఎలా చేస్తారో చెబుతాను. వినండి, ఇందులో మీకు తెలియని పని ఒక్కటీ లేదు.

కర్రను ముక్కలు చేసి, మందులు వేసి, పెద్ద కుక్కరులో ఉడకబెడతారు. దానికి డైజెస్టరు అని పేరు. ఉడికినది గుజ్జు, అదే పల్పు. ఆ గుజ్జును బాగా దంచుతారు. దాన్ని బీటింగ్ అంటారు. దంచితే నారపోగులు చివుళ్ళు విచ్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎంత ఎక్కువ దంచితే కాగితం అంత చిక్కనవుతుంది. నూనె పీల్చని గ్రీజ్‌ప్రూఫ్ కాగితం ఉంది చూడండి, దాని రహస్యం ఈ దంపుడులోనే ఉంది. తరువాత ఆ గుజ్జులో నీళ్ళు కలుపుతారు. ఎంత పలచగా అనుకున్నారు? నూటికి 99 పాళ్ళు నీళ్ళే, నార ఒక పాలు కూడా ఉండదు. మన అంబలి దాని ముందు ముద్దపప్పు! ఆ నీళ్ళను సన్నని జల్లెడ మీద పోస్తారు. మిల్లు వాళ్ళు దాన్ని "వైరు" అంటారు. నీరు కిందికి దిగి నార పైన పొరగా నిలుస్తుంది. ఆ తడి పొరను కంబళి లాంటి దాని మీద వేసి పిండుతారు. అది "ఫెల్టు". ఆ పైన ఆవిరితో కాగే పెద్ద డ్రమ్ముల మీద ఆరబెడతారు. రవ్వదోశ పెనం మీద ఆరినట్టే.

ఇంతటితో అయిపోలేదు. ఇలా ఆరిన కాగితం మీద సిరాతో రాస్తే పీల్చేసుకుంటుంది. అక్షరం చెదిరిపోతుంది. మనం చిన్నప్పుడు వాడిన అద్దుడు కాగితం అలాంటిదే. మరి రాత నిలవాలంటే ఏం చెయ్యాలి? గంజి పెట్టాలి! అవునమ్మా, నూలుచీరకు మనం పెట్టే గంజి లాంటిదే. దీన్ని "సైజింగ్" అంటారు. మగ్గం మీదికి ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పెట్టడాన్ని కూడా సైజింగ్ అనే అంటారు. కాగితం మిల్లుల్లో చాలాకాలం గుగ్గిలం లాంటి రోజనమూ, మన పటికా కలిపి వాడారు. పైన పిండి గంజి పూస్తారు. గంజి అయ్యాక ఇస్త్రీ. నున్నటి ఉక్కు రోలర్ల మధ్య నుంచి కాగితాన్ని లాగుతారు. దాన్ని "క్యాలెండరింగ్" అంటారు. గోడ మీద తిథులు చూసుకునే క్యాలెండరుకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది సిలిండరు అనే మాట నుంచి పుట్టింది. గంజి, ఇస్త్రీ అంటే చాకలి రేవు దగ్గర పిల్లవాడికి కూడా అర్థమయ్యే సంగతిని సైజింగ్, క్యాలెండరింగ్ అనేసరికి అది ఇంజనీర్ల సొత్తు అనుకున్నాం.

మాట తెలిస్తే బజారులో కూడా పని జరుగుతుంది. నోటుపుస్తకాలు కొనేటప్పుడు అట్ట మీద "జీఎస్ఎం" అని ఒక అంకె చూసే ఉంటారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క అది. వార్తాపత్రిక కాగితం సుమారు 45 ఉంటుంది. ఆఫీసుల్లో వాడే తెల్ల కాగితం 70, 75, 80 ఉంటుంది. ఏ4 అనే కొలత కాగితాలు పదహారు కలిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి 80 జీఎస్ఎం కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు తూగాలి. 500 కాగితాల రీము రెండున్నర కిలోలు ఉండాలి. 70 అయితే రెండు కిలోల 190 గ్రాములు దగ్గర తూగుతుంది. బియ్యం తూకం చూసుకునే మనకు కాగితం తూకం చూసుకోవడం ఎంత సేపు? పిల్లవాడు ఒకవైపు రాస్తే రెండోవైపు కనిపిస్తోందంటే, కాగితం పలచనిదైనా అయి ఉండాలి, గంజి సరిగా పట్టనిదైనా అయి ఉండాలి. "మంచి కాగితం ఇవ్వండి" అంటే కొట్టువాడు ఏదో ఒకటి ఇస్తాడు. "ఎంత జీఎస్ఎం?" అని అడిగితే అతను నిలబడి జవాబు చెబుతాడు.

ఇంకొక చిన్న పరీక్ష. పాత వార్తాపత్రిక తీసుకుని పై నుంచి కిందికి చింపండి. నిట్టనిలువుగా చినుగుతుంది. అడ్డంగా చింపండి. వంకరటింకరగా పోతుంది. యంత్రం మీద జల్లెడ కదిలే దిక్కుకు నారపోగులు ఎక్కువగా వరసదీరుతాయి. దీన్ని "గ్రెయిన్" అంటారు. గుడ్డకు పడుగు, పేక ఉన్నట్టు కాగితానికీ ఉందన్నమాట. పుస్తకం అట్ట, మందు పెట్టె ఈ పడుగు చూసుకుని మడవకపోతే మడత దగ్గర పగులుతుంది. జాకెట్టు గుడ్డ కత్తిరించే ముందు పడుగు చూసుకునే ప్రతి ఆడదానికీ ఈ శాస్త్రం సగం తెలిసినట్టే.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. పెద్ద అట్టపెట్టె అంచు వైపు నుంచి చూడండి. రెండు చదును కాగితాలు, మధ్యలో అలలు అలలుగా ఒక కాగితం. చదునువి లైనర్లు, ఆ అల పేరు "ఫ్లూటు". మూడు పొరలు కలిస్తే మూడు ప్లై, ఇంకొక అలా ఇంకొక చదునూ చేరితే అయిదు ప్లై. ఆ గోధుమ రంగు కాగితం "క్రాఫ్టు". జర్మను భాషలో ఆ మాటకు బలం అని అర్థం. పొరలను అతికేది పిండి జిగురు, మళ్ళీ మన గంజి వంశమే. అట్టను ఆకారంగా కోయడం "పంచింగు" లేక డై కటింగు, మడత గాడి నొక్కడం "క్రీజింగు", అంచులు అతకడం "పేస్టింగు".

ఈ మాటలు తెలిసి ఉండటం కేవలం విజ్ఞానం కాదు, కూలి డబ్బుల సంగతి. "ఆ అట్ట ఇటు తే, ఇది అటు పెట్టు" అని చెప్పించుకునే ఆమె హెల్పరుగానే ఉండిపోతుంది. "క్రీజు పక్కకు పోయింది, డై చూడండి" అని చెప్పగలిగిన ఆమె రేపు యంత్రం నడపగలుగుతుంది. చేతి నేర్పు ఇద్దరికీ సమానమే అయినా, పేరు చెప్పగలిగిన మనిషికి పని వచ్చునని లోకం ఒప్పుకుంటుంది.

ఇంకొక మాట ఉంది. దాని ఖరీదు డబ్బుతో కట్టలేం. రెండు రోలర్లు ఎదురెదురుగా లోపలికి తిరిగే చోటును "నిప్" అంటారు. కాగితాన్ని లాక్కున్నట్టే అది వేలినీ, గాజునూ, కొంగునూ, చున్నీనీ లాక్కుంటుంది. మనిషి వెనక్కి లాగే లోపల చెయ్యి లోపలికి పోతుంది. "నిప్ దగ్గర జాగ్రత్త" అని ఇంగ్లీషులో బోర్డు పెడితే, ఇంగ్లీషు రాని ఆమెకు అది గోడ మీద గీతలే. అదే "రోలరు నోట్లో చెయ్యి పెట్టకు" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తే? నోరు అంటే మింగుతుందని పసిపిల్లకు కూడా తెలుసు. మాట అర్థమైతే చెయ్యి నిలుస్తుంది. సాంకేతిక పదం తెలుగులో ఉండాలా వద్దా అనే చర్చ సభల్లో చేసుకోవచ్చు. యంత్రం దగ్గర మాత్రం ఆ చర్చకు తీరిక లేదు.

అచ్చు సంగతికి వస్తే, అది మనకు ఎంత దగ్గరి మాటో చూడండి. బెల్లానికి అచ్చు, మగ్గానికి అచ్చు, పెడన కలంకారీ గుడ్డ మీద కొట్టే చెక్క అచ్చు. తెలుగు అక్షరాలతో పుస్తకం అచ్చయింది మాత్రం మన దేశంలో కాదు. 1746లో జర్మనీ దేశంలో హాలే అనే ఊళ్ళో, బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు వేయించాడు. అప్పుడు సీసపు అక్షరాలు. అక్షరం పోతపోసే మూసను ఇంగ్లీషులో "మాట్రిక్స్" అంటారు. లాటిను భాషలో తల్లి అనే మాట నుంచి వచ్చింది. మన పెద్దలు దాన్ని "మాతృక" అన్నారు. ఎంత చక్కగా కుదిరింది! తల్లి నుంచి బిడ్డలు పుట్టినట్టు ఒక మాతృక నుంచి వేల అక్షరాలు పుడతాయి.

కాని అన్ని అనువాదాలూ ఇలా కుదరవు. పేరాలోని చివరి పంక్తి ఒక్కటీ విడిపోయి తరువాతి పేజీ పైన ఒంటరిగా నిలిస్తే ఇంగ్లీషు అచ్చు వాళ్ళు దాన్ని వితంతువుతో పోలుస్తారు. పేరా మొదటి పంక్తి పేజీ అడుగున ఒంటరిగా మిగిలితే అనాథ అంటారు. ఈ మాటలను తెలుగులోకి ఉన్నదున్నట్టు దించుకుంటే ఎలా ఉంటుంది? పేజీకి అందం చెడగొట్టే తప్పుకు భర్త పోయిన స్త్రీ పేరా? మన సమాజంలో ఆ మాట ఎంతమంది గుండెల్లో గుచ్చుకుందో మనకు తెలుసు. "ఒంటి పంక్తి" అంటే సరిపోదా? పదాలు తయారుచేసే పెద్దల్లో ఆడవాళ్ళు కూడా కూర్చుంటే ఇలాంటి మాట దగ్గర ఒకరైనా "ఆగండి" అంటారు.

అలాగే "బ్లీడ్" అని ఒక మాట ఉంది. నిఘంటువు చూసి దాన్ని రక్తస్రావం అంటే నవ్వులపాలవుతాం. అసలు సంగతి ఏమిటంటే, కత్తిరించాక అంచున తెల్ల గీత కనిపించకుండా రంగును హద్దు దాటి ఒక మూడు మిల్లీమీటర్లు అవతలికి అచ్చు వేస్తారు. జాకెట్టు కుట్టేటప్పుడు మనం కుట్టుకి గుడ్డ వదలమూ? అదే ఇది. "అంచు వదులు" అంటే కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంట్లోనూ అర్థమవుతుంది. "రిజిస్టరు" అంటే నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం. చుక్కల ముగ్గులో ఒక చుక్క పక్కకు పోతే పువ్వు ఎలా వంకరపోతుందో, రిజిస్టరు తప్పితే బొమ్మ పెదవులు రెండుగా కనిపిస్తాయి.

వంటింటికి సంబంధించిన అచ్చు మాట ఒకటి చెబుతాను. "సెటాఫ్". అచ్చు వేసిన కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కింది కాగితం మీది సిరా పై కాగితం వీపుకు అంటుకోవడమే సెటాఫ్. కాగితానికే అంటుకునే సిరా, వేడివేడి మిరపకాయ బజ్జీకి అంటుకోదా? నూనె తగిలితే మరీ సులువుగా వస్తుంది. అందుకే ఆహార భద్రతా సంస్థ వారు వార్తాపత్రికల్లో తినుబండారాలు చుట్టవద్దని 2016లో చెప్పారు. 2018 నాటి ప్యాకింగు నిబంధనల్లో దాన్ని నిషేధించారు. 2023లో మళ్ళీ హెచ్చరించారు. ఆ సిరాల్లో సీసం వంటి లోహాలూ, ఇతర రసాయనాలూ ఉండవచ్చు. పూరీల నూనె అద్దడానికి పాత పేపరు పరిచే అలవాటు మన ఇళ్ళలో కూడా ఉంది. ఇవాళే మానేద్దాం. ఒక పాత నూలుగుడ్డ ఉతికి పెట్టుకుంటే చాలు.

ఇక మందుల పెట్టె. అచ్చుతప్పును మనవాళ్ళు సరదాగా "ముద్రారాక్షసం" అంటారు. కథల పుస్తకంలో రాక్షసుడు కనిపిస్తే నవ్వుకుంటాం. మందు చీటీలో 0.5 అనే చోట చుక్క ఎగిరిపోతే నవ్వే పని కాదు. అందుకే మందుల ప్యాకింగులో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఒక మందు ప్యాకింగు అయ్యాక, రెండో మందు మొదలుపెట్టే ముందు, పాత పెట్టె ఒక్కటి కూడా, పాత చీటీ ఒక్కటి కూడా ఆ బల్ల మీద మిగలకుండా తీసి, చూసి, సంతకం చేస్తారు. దీనికి "లైన్ క్లియరెన్సు" అని పేరు. చేపల కూర వండిన గట్టు కడగకుండా దేవుడి ప్రసాదం వండుతామా? అదే నియమం. చీటీ మడత దగ్గర లావు గీతలూ సన్న గీతలూ చిన్నగా కనిపిస్తే అది "ఫార్మాకోడ్". వేరే మందు చీటీ ఇందులోకి దూరకుండా యంత్రం ఆ గీతలు చదువుతుంది.

మనం చదవవలసినవి కూడా ఉన్నాయి. "బ్యాచి నంబరు" అంటే ఒకసారి కలిపి చేసిన వాయి గుర్తు. మనం అరిసెలు వాయిలు వాయిలుగా వేస్తాం కదా, ఏ వాయిలో పాకం ముదిరిందో చెప్పడానికి అలాంటి గుర్తు కావాలి. మందులో లోపం ఉందని తెలిస్తే ఆ వాయి మొత్తాన్ని వెనక్కి తెప్పించడానికి ఆ నంబరే ఆధారం. కాబట్టి మాత్రలు డబ్బాలో ఒంపుకుని పెట్టె పారెయ్యకండి. అట్ట మీద ఎడమవైపు నిలువుగా ఎర్రగీత ఉంటే, అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. 2023 ఆగస్టు 1 నుంచి మూడు వందల ప్రసిద్ధ మందుల బ్రాండ్ల మీద చుక్కల చదరం, అంటే క్యూఆర్ కోడ్, ఉండాలని నిబంధన వచ్చింది. ఫోనుతో చూస్తే మందు పేరు, తయారుచేసిన వారి పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ తెలుస్తాయి.

ఇవన్నీ ఏ భాషలో ఉంటాయి? మందుల పెట్టెల మీద మనకు కనిపించేది ప్రధానంగా ఇంగ్లీషే. ఆహార ప్యాకెట్ల మీద ఇంగ్లీషులో గాని, నాగరి లిపిలో హిందీలో గాని తప్పనిసరి వివరాలు ఉండాలని నియమం. దానితోపాటు తెలుగులో కూడా వేస్తే ఎవరూ కాదనరు. కాని వెయ్యండని గట్టిగా అడిగేవారు లేరు. సంగారెడ్డి జిల్లాలో మందు చేసి, అక్కడే పెట్టె మడిచి, హైదరాబాదులో అమ్మితే, మడిచిన ఆమెకూ కొన్న ఆమెకూ తెలిసిన భాష ఒక్కటి మాత్రం ఆ పెట్టె మీద లేదు!

తెలియని మాట ఇంకొక పని కూడా చేస్తుంది. నిజాన్ని కప్పిపెడుతుంది. "ఎఫ్లుయెంటు" అనే మాట విన్నారా? ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చే మురుగునీరు. కాగితం పనిలోనూ ఉంది, మందుల పనిలోనూ ఉంది. గుజ్జు ఉడికించాక మిగిలే నల్లటి ద్రావకాన్ని మంచి మిల్లులు మళ్ళీ మరిగించి, కాల్చి, మందులు రాబట్టుకుంటాయి. అలా చెయ్యకుండా వదిలితే వాగు నల్లబడుతుంది. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో రసాయనాల మురుగు నక్కవాగులో కలిసి పొలాలూ బావులూ పాడయ్యాయని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఆ నక్కవాగు మంజీరలో కలిసేదే. బావి దగ్గర బిందె ముంచిన ఆడవాళ్ళకు నీళ్ళు పాడైన సంగతి ముందే తెలుసు. కాగితాల మీద మాత్రం అది "ఎఫ్లుయెంటు". విషపు నీళ్ళు అంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఎఫ్లుయెంటు అంటే ఏదో అత్తరు పేరులా ఉంటుంది.

మరి తెలుగు పదాలు లేవా అంటే, పెద్దలు కృషి చేయకపోలేదు. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పాఠ్యపుస్తకాలూ, పారిభాషిక పదకోశాలూ వెలువరించింది. అంతకు ముందే భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లా జిల్లాలోనూ రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. 1971లో చేనేత పదాల కోశం వచ్చింది. నాకు ఈ రెండో పద్ధతి మీదే గురి. బల్ల దగ్గర కూర్చుని కొత్త పదం పుట్టించడం కన్నా, పని చేసే మనిషి ఏమంటున్నదో ముందు వినడం మంచిది. అలాగని ప్రతి పరాయి మాటనూ తరిమెయ్యాలని నేను అనడం లేదు. కాగితం, కలం, దస్తా, రీము వచ్చి మనవైపోలేదా? ప్లేటు, ప్రూఫు, రోలరు కూడా మనవైపోయాయి. నోట పలికితే కంటికి పని కనిపించాలి, అంతే. గంజి, ఇస్త్రీ, పడుగు, వాయి, అంచు వదులు, రోలరు నోరు, ఇవన్నీ మన ఇంట్లో ఉన్న మాటలే.

కాబట్టి సోదరీమణులారా, మీరు చెయ్యగలిగినవి కొన్ని మనవి చేస్తాను. ఇంటికి వచ్చిన ప్రతి పెట్టె మీదా ఏముందో ఒకసారి చదవండి. అర్థం కాని మాట ఉంటే పిల్లలను అడగండి. వాళ్ళకూ తెలియకపోతే కలిసి తెలుసుకోండి, దానికి మీకు తోచిన తెలుగు మాట చెప్పి చూడండి. సరుకుల కంపెనీలకు ఒక కార్డు ముక్క రాసి, వివరాలు తెలుగులో కూడా వెయ్యమని అడగండి. పాత పేపర్లూ అట్టలూ తడవకుండా, ఎంగిలి నూనె అంటకుండా విడిగా కట్టి అమ్మండి. తిరిగి గుజ్జయినప్పుడల్లా నార పొట్టిదవుతుంది, దానికి జిడ్డు కూడా తోడైతే పనికిరాకుండా పోతుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి గాని, మీ ఎరికలో ఎవరి ఆడపడుచు గాని ప్యాకింగు పనికి వెళుతుంటే, "అక్కడ యంత్రాన్ని ఏమంటారమ్మా, రోలరు నోరు ఎటు ఉంటుంది?" అని అడగండి. చెప్పగలిగితే సంతోషించండి. చెప్పలేకపోతే, రేపు పనిలోకి వెళ్ళి మేస్త్రీని అడిగి తెలుసుకోమని చెప్పండి. కొంగు బిగించుకుని వెళ్ళమని కూడా చెప్పండి.